హాల్లో పటర్, రేంజ్‌లో డ్రైవర్



2021 ఆగస్టు 7 సాయంత్రం నీరజ్ చోప్రా ఈటె విసిరి దేశానికి బంగారు పతకం తెచ్చాడు. ఆ సంబరంలో పడి, అదే రోజు పొద్దున్నే టోక్యోలో జరిగిన మరో పోటీని చాలామంది మరిచిపోయారు. అది ఒలింపిక్స్ మహిళల గోల్ఫ్ ఆఖరి రౌండు. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ పతకం దాకా వచ్చిందని తెలిసి, జన్మలో గోల్ఫ్ చూడనివాళ్ళు కూడా కాఫీ గ్లాసులు పట్టుకుని టీవీల ముందు కూర్చున్నారు. బర్డీ అంటే ఏమిటి, బోగీ అంటే ఏమిటి అని ఒకళ్ళనొకళ్ళు అడిగి తెలుసుకున్నారు. ప్రపంచ ర్యాంకింగుల్లో 200వ స్థానంలో ఉన్న ఆ అమ్మాయి ఒకే ఒక్క స్ట్రోకు తేడాతో కాంస్యం చేజార్చుకుని నాలుగో స్థానంలో నిలిచింది.

ఆట తెలిసినవాళ్ళు ఆ రోజు ఇంకో విషయం గమనించారు. పతకాల కోసం పోటీపడుతున్న మిగతావాళ్ళ డ్రైవ్‌లతో, అంటే మొదటి దూరపు దెబ్బలతో పోలిస్తే అదితి కొట్టిన బంతి బాగా వెనకే పడేది. అంతకు కొద్ది నెలల ముందే కోవిడ్ వచ్చి ఆమె ఒంట్లో బలం తగ్గింది. ఆ లోటునంతా ఆమె గ్రీన్ మీదికి వెళ్ళాక, పటర్ పట్టుకుని పూడ్చుకుంటూ వచ్చింది.

ఈ ఆటతో పరిచయం లేని శ్రోతల కోసం రెండు ముక్కలు చెబుతాను. గోల్ఫ్ కోర్సులో 18 గుంతలుంటాయి. ఒక్కో గుంతకు టీ అనే చోట బంతి పెట్టి మొదలుపెడతాం. ఆటగాడి సంచీలో 14 కర్రల వరకు ఉండొచ్చు. దూరం కొట్టడానికి డ్రైవర్, మధ్య దూరాలకు ఐరన్లు, దగ్గరికి వచ్చాక వెడ్జ్‌లు. గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక గ్రీన్. అక్కడ పటర్ అనే కర్రతో బంతిని నేల మీద దొర్లించడమే పట్. గుంత వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. బంతి అడ్డకొలత 1.68 అంగుళాలకు తగ్గకూడదు. మొత్తం 18 గుంతలకూ పార్, అంటే మంచి ఆటగాడికి పట్టాల్సిన స్ట్రోకుల లెక్క, 72 అనుకుంటే, అందులో గుంతకు రెండు పట్‌ల చొప్పున 36 పట్‌లు కలిసే ఉంటాయి. అంటే లెక్క ప్రకారం ఆటలో సగం ఒక్క కర్రదే. తక్కిన సగాన్ని మిగతా 13 పంచుకుంటాయి.

ఇవాళ నేను మాట్లాడబోయేది మాత్రం ఒలింపిక్స్ ఆడేవాళ్ళ గురించి కాదు. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, ఆదివారం పొద్దున ఇంట్లో అందరూ నిద్రలేవకముందే సంచీ భుజాన వేసుకుని బయల్దేరే ఔత్సాహికుల గురించి. నేనూ ఆ బాపతే. మన దగ్గర కోర్సులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గోల్కొండ నయా ఖిల్లాలో పాత గోడల నడుమ ఒకటుంది. గచ్చిబౌలిలో బండరాళ్ళ మధ్య బౌల్డర్ హిల్స్ ఉంది. సికింద్రాబాదు వైపు సైన్యంవాళ్ళ కోర్సు ఉంది. విశాఖలో ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ క్లబ్బు. ఇలా మరికొన్ని. సభ్యత్వం అందరికీ అందేది కాదు, అందినవాళ్ళకు తీరిక ఉండదు. కాబట్టి మన ఔత్సాహికుడికి కోర్సు మీద దొరికే సమయం బొటాబొటీ. ఆ కాస్త సమయంలో ఆట బాగుపడాలంటే సాధన చేసే పద్ధతి మారాలి. నా మట్టుకు నాకు తోచింది ఇది: సాధనలో కొట్టే ప్రతి బంతి వెనకా ఒక ప్రశ్న ఉండాలి, ఆ ప్రశ్నకు బంతే జవాబు చెప్పాలి. జవాబు తెలియకుండా వంద బంతులు బాదితే చెమట పడుతుంది, ఆకలి వేస్తుంది, అంతే.

మొదట ఒక పాత తగవు తీర్చుకుందాం. డ్రైవ్ చూపులకు, పట్ డబ్బులకు అని గోల్ఫర్లలో ఒక నానుడి ఉంది. బంతిని దూరం కొడితే జనం చప్పట్లు కొడతారు గానీ, బహుమతి తెచ్చేది పట్ అని దాని భావం. కొలంబియా యూనివర్సిటీ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ ఈ నానుడిని లెక్కలతో పరీక్షించాడు. ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో నమోదైన లక్షల షాట్లను, ఔత్సాహికుల షాట్లను కూడా తీసుకుని, ఎవరు ఎక్కడ స్ట్రోకులు పోగొట్టుకుంటున్నారో తేల్చాడు. అమెరికాలో ప్రొఫెషనల్ పోటీలు నడిపే పీజీఏ టూర్ 2011లో పటింగ్ లెక్క కట్టడానికి ఆయన పద్ధతినే తీసుకుంది. 2014లో ఆయన పుస్తకం ‘ఎవ్రీ షాట్ కౌంట్స్’ వచ్చింది. ఆయన తేల్చిందేమిటంటే, మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ ఉన్న తేడాలో సుమారు మూడింట రెండు వంతులు గ్రీన్‌కు దూరంగా కొట్టే షాట్లలోనే ఉంది. పటింగ్ వాటా అంతకంటే చాలా తక్కువ.

మరి అదితి సంగతో? అదీ నిజమే, ఇదీ నిజమే. ఒక వారం పోటీలో పటర్ కలిసొస్తే మనిషి ఎంతో పైకి వెళ్ళగలడు. ఏళ్ళ తరబడి లెక్క చూస్తే మాత్రం దూరపు షాట్లదే పైచేయి. డ్రైవ్ వెళ్ళి నీళ్ళలో పడ్డవాడికి ఎంత గొప్ప పటర్ ఉండి ఏం లాభం?

అయినా ఔత్సాహికుణ్ణి ముందు పటింగ్ పట్టించుకోమనే నేనంటాను. స్వింగ్, అంటే కర్ర ఊపే తీరు, బాగుపడాలంటే కోచ్ కావాలి, బంతులు కొట్టి సాధన చేసే రేంజ్ కావాలి, నడుము సహకరించాలి, నెలలు పడుతుంది. పటింగ్‌కు పదడుగుల నేల చాలు. పైగా బ్రాడీ లెక్కల్లోనే మనకు ఊరటనిచ్చే అంకెలున్నాయి. మూడడుగుల నుంచి టూర్ ప్రొఫెషనల్స్ నూటికి 96 పట్‌లు వేస్తారు. ఎనిమిదడుగుల దగ్గరికి వచ్చేసరికి అది సగానికి పడిపోతుంది. ఇరవై అడుగుల నుంచి నూటికి 15 మాత్రమే. 33 అడుగుల నుంచైతే వాళ్ళకీ సగటున రెండు పట్‌లు పడతాయి. టీవీలో ఇరవై అడుగుల పట్‌లు వరసపెట్టి గుంతలో పడుతున్నట్టు కనపడటానికి కారణం, పడనివాటిని వాళ్ళు మళ్ళీ మళ్ళీ చూపించకపోవడమే. కనుక ఇరవై అడుగుల నుంచి తప్పినందుకు తల పట్టుకోనక్కర్లేదు. అక్కడి నుంచి మూడు పట్‌లు పడితే మాత్రం ఆలోచించాలి.

మూడు పట్‌లు ఎందుకు పడతాయో చూద్దాం. చిన్న లెక్క. ముప్ఫై అడుగుల నుంచి కొడుతున్నాం అనుకోండి. గురి రెండు డిగ్రీలు తప్పితే, గ్రీన్ మీద అది పెద్ద తప్పే, బంతి గుంతకు ఒక అడుగు పక్కగా ఆగుతుంది. అదే జోరులో నూటికి పది పాళ్ళు తేడా వస్తే బంతి మూడడుగులు ముందో వెనకో ఆగుతుంది. రెండో పట్‌ను కష్టం చేసేది ఎక్కువగా జోరేనన్నమాట. ఔత్సాహికుడు మాత్రం గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, పటర్‌ను తూకపు గుండులా వేలాడదీసి, వాలు ఎటుందా అని ఐదు నిమిషాలు చూస్తాడు. ఎంత గట్టిగా కొట్టాలన్న ఆలోచనకు ఒక్క క్షణం ఇవ్వడు. వెనక వచ్చే నలుగురు టీ దగ్గర నిలబడి గొణుక్కుంటూ ఉంటారు.

సంచీ మోసే మా కేడీ ఒకతను ఈ మాట నాకంటే బాగా చెప్పాడు. “బంతి వెళ్ళాల్సిన లైను నేను చెప్తా సార్, అది నా పని. ఎంత జోరుగా కొట్టాలో మాత్రం మీ చేతులకే తెలియాలి.” కేడీల్లో చాలామంది ఆ గ్రీన్లు చూస్తూ పెరిగినవాళ్ళు. ఏ మూల నీళ్ళు నిలుస్తాయో, ఏ గుంత దగ్గర బంతి కంటికి కనపడే వాలుకు ఎదురు తిరుగుతుందో వాళ్ళకు తెలుసు. అలా గ్రీన్ల పక్కనే పెరిగి ఆటగాడైనవాడూ ఉన్నాడు. కోల్‌కతాలో 1829 నాటి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బుంది. అక్కడి గ్రీన్‌కీపర్ కొడుకు ఎస్‌ఎస్‌పీ చౌరాసియా ఆ గడ్డి మీదే ఆట నేర్చుకున్నాడు. బంతిని మరీ దూరం కొట్టే మనిషి కాడు. గ్రీన్ చుట్టుపక్కల మాత్రం చెయ్యి తిరిగినవాడు. అందుకే తోటి ఆటగాళ్ళు ముద్దుగా చిప్‌పట్‌సియా అని పిలిచేవారు. 2008లో ఢిల్లీలో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు, 2016, 2017లలో వరసగా రెండుసార్లు ఇండియన్ ఓపెన్ గెలిచాడు.

ఇక ఇంటి సాధన. మన ఇళ్ళలో ఇప్పుడు ఎక్కడ చూసినా రెండడుగుల విట్రిఫైడ్ టైల్సే. టైలుకీ టైలుకీ నడుమ సన్నటి గీత ఉంటుంది చూశారా, దానికంటే మంచి గురి రేఖను ఏ కంపెనీ అమ్మలేదు. బంతిని ఆ గీత మీద పెట్టండి. బంతికి ఒక అడుగు ముందు, గీతకు చెరో పక్క, రెండు అగ్గిపెట్టెలు నిలబెట్టండి. వాటి మధ్య బంతి పట్టి, అటూ ఇటూ పావు అంగుళం ఖాళీ మిగలాలి. ఈ కొలత ఊరికే చెప్పింది కాదు. ఎనిమిదడుగుల తిన్నని పట్‌లో బంతి గుంతలో పడాలంటే గురి ఒకటింపావు డిగ్రీ కంటే తప్పకూడదు. అడుగు దూరంలో పావు అంగుళం అంటే దాదాపు అంతే కోణం. కాబట్టి అగ్గిపెట్టెలకు తగలకుండా బంతి దూరిపోయిందంటే, ఎనిమిదడుగుల పట్‌కు మీ గురి సరిపోయినట్టే. ఏదైనా అగ్గిపెట్టె పడిపోతే ఎటు వైపుది పడిందో చూసుకోండి. కుడివైపుది మాటిమాటికీ పడుతుంటే, కుడిచేతి వాటం వాళ్ళకైతే, బంతిని తాకే వేళకు పటర్ ముఖం తెరుచుకుంటోందని అర్థం. బంతి బయల్దేరే దిక్కును చాలావరకు నిర్ణయించేది ఆ ముఖమే. పటర్ ఊగే దారి ప్రభావం కొద్దిగానే.

టైల్స్ మీద బంతి ఆగదు కాబట్టి అవతల చివర ఒక జంపఖానా పరుచుకోవాలి. లేకపోతే గోడకు తగిలి ఆ చప్పుడుకు కింద ఫ్లాటువాళ్ళు పైకి వస్తారు. ఇంకో తమాషా. ఇన్నేళ్ళుగా కాపురమున్న హాలుకు ఒక వాటం ఉందని గోల్ఫ్ బంతి చెప్పేదాకా తెలియదు. నీళ్ళు బాల్కనీ వైపు పోవాలని మేస్త్రీ పెట్టిన వాటం. మెల్లగా దొర్లే బంతి ఆ వైపుకు ఎలా మొగ్గుతుందో, అదే బంతి జోరుగా వెళ్తే వాటాన్ని ఎలా లెక్కచేయకుండా పోతుందో చూస్తే, గ్రీన్ మీద వాలు చదవడంలో మొదటి పాఠం అయిపోయినట్టే. ఎంత ఒంపు తిరుగుతుందన్నది జోరును బట్టి ఉంటుంది. జోరు తేల్చుకోకుండా లైను చూడటంలో అర్థం లేదు.

నాసాలో భౌతిక శాస్త్రవేత్తగా పనిచేసి, తర్వాత జీవితమంతా పటింగ్ పరిశోధనకే ఇచ్చిన డేవ్ పెల్జ్ ఈ జోరుకు ఒక కొలత చెప్పాడు. తప్పిపోయిన బంతి గుంత దాటి 17 అంగుళాల దూరంలో ఆగేటట్టు కొట్టాలంటాడు. గుంత అంచున ప్రాణం పోయినట్టు పడేలా కొట్టడమే మేలనేవాళ్ళూ ఉన్నారు. నన్నడిగితే చదునుగా ఉన్నచోట, ఎక్కేచోట పెల్జ్ మాట వినాలి. కిందికి దిగే పట్‌లో మాత్రం రెండోవాళ్ళ మాట వినాలి, లేకపోతే బంతి వెంట పరుగెత్తాల్సి వస్తుంది.

ఇంట్లో నేర్చుకోలేనిది ఇరవై, ముప్ఫై అడుగుల దూరం. దానికి క్లబ్బులోని ప్రాక్టీస్ గ్రీనే గతి. అక్కడా చాలామంది మూడు బంతులు ఒకేచోట వేసుకుని ఒకే గుంతకు కొడుతూ ఉంటారు. మొదటి బంతి దూరం చెప్పేస్తుంది, మిగతా రెండూ దాన్ని చూసి దిద్దుకున్నవి. అసలు ఆటలో రెండో అవకాశం ఎవరూ ఇవ్వరు కదా. ఒకే బంతి తీసుకుని ప్రతిసారీ వేరే గుంతకు, వేరే దూరం నుంచి కొట్టడం మేలు. ఇంకా మంచి పద్ధతి ఒకటుంది. కొట్టగానే తల ఎత్తకుండా కళ్ళు మూసుకుని, బంతి తక్కువైందా, ఎక్కువైందా అని పైకి అనాలి. అప్పుడు కళ్ళు తెరిచి చూడాలి. మొదట్లో మన జోస్యం, బంతి వెళ్ళిన చోటు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి. కొన్ని వారాలకు రెండూ దగ్గరికొస్తాయి. చేతులకు దూరం తెలియడమంటే ఇదే.

రౌండు మొదలుపెట్టే ముందు ఒక పది నిమిషాలు దీనికివ్వాలి, ఎందుకంటే గ్రీన్ రోజుకో తీరుగా ఉంటుంది. తెల్లవారుజామున మంచు తడికి బంతి నడవదు. ఏప్రిల్, మే నెలల్లో పది దాటాక అదే గ్రీన్ మీద ఆగమన్నా ఆగదు. వానాకాలంలో గడ్డి ఏపుగా పెరిగి మళ్ళీ నెమ్మదిస్తుంది. ఈ వేగాన్ని కొలిచే పరికరాన్ని కనిపెట్టింది కూడా ఒక ఔత్సాహికుడే. ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే మసాచుసెట్స్ ఔత్సాహిక చాంపియన్ 1935లో ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ చూడ్డానికి వెళ్ళాడు. అక్కడ జీన్ సారజెన్ లాంటి మేటి కొట్టిన పట్ గ్రీన్ దాటి దొర్లిపోవడం చూసి, గ్రీన్ మరీ వేగంగా ఉందని ఎలా నిరూపించడమా అని ఆలోచించాడు. ఒక పట్టీకి గాడి పెట్టి, బంతిని అందులో ఉంచి, పట్టీని మెల్లగా పైకెత్తే పరికరం చేశాడు. బంతి జారి ఎన్ని అడుగులు దొర్లితే అదే ఆ గ్రీన్ వేగం. అమెరికా గోల్ఫ్ సంఘం 1970లలో దాన్ని మెరుగుపరిచి వాడకంలోకి తెచ్చింది. ఇవాళ ప్రపంచమంతటా స్టింప్‌మీటర్ అంటున్నది దాన్నే.

మన వేడి ప్రాంతాల్లో గ్రీన్ల మీద ఎక్కువగా ఉండేది బెర్ముడా రకం గడ్డి. దీని ఆకులు ఒక వైపుకు వాలి పెరుగుతాయి. మీరు నిలబడ్డ చోటు నుంచి గడ్డి మెరుస్తూ కనపడితే అది మీకు అవతలి వైపుకు వాలి ఉంది, బంతి జోరుగా వెళ్తుంది. ముదురుగా, మసకగా కనపడితే గడ్డి మీకు ఎదురు, బంతి నెమ్మదిస్తుంది. గుంత దగ్గరికెళ్ళి అంచు చూసినా తెలుస్తుంది. ఒక పక్క అంచు కోసినట్టు ఉంటే, రెండో పక్క చివికినట్టు ఉంటుంది. గడ్డి వాలింది ఆ చివికిన వైపుకే.

ఇక స్వింగ్ దగ్గరికి వద్దాం. ఔత్సాహికుల్లో ఎక్కువమంది జబ్బు స్లైస్. తిన్నగా బయల్దేరిన బంతి గాలిలో కుడివైపుకు వంగి పొదల్లోకి పోతుంది. ఈ జబ్బు ముదిరే తీరు విచిత్రం. బంతి కుడికి పోతోంది కాబట్టి మనిషి ఎడమకు తిరిగి నిలబడతాడు. ఎడమకు లాగి కొడతాడు. దాంతో కర్ర వెళ్ళే దారి మరింత ఎడమకు పోతుంది, ముఖం మాత్రం ఆ దారికి తెరుచుకునే ఉంటుంది. బంతి ముందుకంటే ఎక్కువ వంపు తిరుగుతుంది. అతను ఇంకా ఎడమకు తిరుగుతాడు. కొన్నేళ్ళు గడిచాక చూస్తే పక్క గుంతకు పోయే ఫెయిర్‌వే పచ్చికకు గురిపెట్టి నిలబడి ఉంటాడు.

పాత రోజుల్లో బంతి బయల్దేరేది కర్ర దారిలోనని, తర్వాత ముఖం చూసే వైపుకు వంగుతుందని చెప్పేవారు. రాడార్ పరికరాలు వచ్చాక అది తలకిందులని తేలింది. బంతి బయల్దేరే దిక్కు ముఖ్యంగా ముఖానిది. వంపు మాత్రం ముఖానికీ దారికీ ఉన్న తేడా వల్ల వస్తుంది. బంతి, కర్ర కలిసి ఉండేది సెకనులో రెండు వేలవ వంతు. ఆ క్షణంలో చేతులతో ముఖాన్ని సరిచేసుకుంటామనుకోవడం కుదరని పని. అందుకే మంచి కోచ్‌లు ముందుగా చూసేది గ్రిప్. ఎడమచేయి కర్ర మీద వేశాక పైనుంచి చూస్తే రెండు మూడు వేళ్ళ కణుపులు కనపడాలి. ఒక్కటే కనపడుతుంటే ఆ చేయి బలహీనంగా పడిందని, ముఖం తెరుచుకుంటుందని లెక్క. గ్రిప్ మార్చిన మొదటి వారాలు నరకం. వేరేవాళ్ళ చెప్పుల్లో కాలు పెట్టినట్టుంటుంది. ఓర్చుకోవాలి, వేరే దారి లేదు.

సందుల్లో క్రికెట్ ఆడి పెరిగిన మనవాళ్ళకు ఇంకో చిక్కుంది. బంతి కనపడగానే కుడి భుజం ముందుకు దూకుతుంది. గోల్ఫ్‌లో కిందికి వచ్చే స్వింగ్ కాళ్ళ నుంచి మొదలవ్వాలి. బరువు ఎడమ పాదం మీదికి, తర్వాత నడుము, ఆ తర్వాత భుజాలు, చేతులు, చిట్టచివర కర్ర. ఐరన్ షాట్‌లో కర్ర ముందు బంతిని తాకి, తర్వాత నేలను కోయాలి. ఇది జరుగుతోందా లేదా అని తేల్చుకోవడానికి బంతి వెనక బెత్తెడు దూరంలో తువ్వాలు మడిచి పెట్టండి. తువ్వాలు లేచిందంటే బరువు ఇంకా కుడికాలి మీదే ఉండిపోయింది. మీకు ఎలా అనిపించిందన్నది ఇక్కడ సాక్ష్యం కింద చెల్లదు.

స్వింగ్ లయ గురించి ఒక మాట. అమెరికాలో జాన్ నొవొసెల్ అనే ఆయన ప్రొఫెషనల్స్ వీడియోలను ఫ్రేము ఫ్రేముగా లెక్కపెట్టి, 2004లో ‘టూర్ టెంపో’ అని పుస్తకం తెచ్చాడు. కర్ర వెనక్కి వెళ్ళడానికి పట్టే కాలం మూడు పాళ్ళైతే, కిందికి వచ్చి బంతిని తాకడానికి ఒక పాలు. మనిషి మనిషికీ వేగం మారినా ఈ మూడుకు ఒకటి నిష్పత్తి మాత్రం దాదాపు మారదు. మన తాళం నేర్చుకున్నవాళ్ళకు ఇది నోట్లోనే ఉంది. తకధిమి అనుకోండి. ‘త’ దగ్గర కర్ర కదలాలి, ‘మి’ దగ్గర పైకి చేరాలి, మళ్ళీ వచ్చే ‘త’ దగ్గర బంతికి తగలాలి. మొత్తం సెకను మీద కాస్తంత. తొందరపడేవాళ్ళలో చాలామంది ‘ధి’ దగ్గరే కిందికి దిగిపోతుంటారు. పటింగ్‌కు ఇదే నిష్పత్తి రెండుకు ఒకటి.

రేంజ్‌లో బకెట్ బంతులు కొనుక్కుని డ్రైవర్ తీసి, ఆ ఒక్క కర్రతోనే బకెట్ ఖాళీ చేసే అలవాటు మనలో మెండు. 1979లో జాన్ షే, రాబిన్ మోర్గన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి పనుల మీద ఒక ప్రయోగం చేశారు. ఒకే పనిని వరసగా చేసి నేర్చుకున్నవాళ్ళు ఆ పూట బాగా చేశారు. పనులను కలగలిపి, మార్చి మార్చి చేసినవాళ్ళు ఆ పూట తడబడ్డారు. కొన్నాళ్ళ తర్వాత పరీక్షిస్తే నేర్చుకున్నది నిలిచింది రెండోవాళ్ళకే. రేంజ్‌లో అద్భుతంగా కొట్టి కోర్సులో బేలపడేవాళ్ళ రహస్యం కొంత ఇక్కడుంది. కాబట్టి బకెట్‌లో కొన్ని బంతులు స్వింగ్ దిద్దుకోవడానికి కేటాయించి, మిగతావాటితో మీకు తెలిసిన కోర్సును మనసులోనే ఆడుకోండి. మొదటి గుంతకు డ్రైవర్, తర్వాత ఏడో నంబరు ఐరన్, తర్వాత వెడ్జ్. ఏ రెండు బంతులకూ వెంటవెంటనే ఒకే కర్ర వద్దు.

ధ్యాస ఎక్కడ పెట్టాలన్న దాని మీద కూడా పరిశోధన జరిగింది. గాబ్రియేల్ వుల్ఫ్ బృందం 1999లో కొత్తగా నేర్చుకునేవాళ్ళతో గురి దగ్గరికి ఎత్తి కొట్టే పిచ్ షాట్లు కొట్టించింది. చేతుల కదలిక మీద ధ్యాస పెట్టమన్నవాళ్ళ కంటే కర్ర ఊపు మీద ధ్యాస పెట్టమన్నవాళ్ళే గురికి దగ్గరగా కొట్టారు. మోచెయ్యి వంగిందా, మణికట్టు తిరిగిందా అని షాట్ మధ్యలో ఆలోచించడం దండగ. ఆ పరీక్ష తర్వాత ఫోన్ వీడియో పెట్టుకుని చేసుకోవాలి. ఫోన్‌ను ప్రతిసారీ ఒకేచోట, ఒకే ఎత్తులో నిలబెట్టి, స్లో మోషన్‌లో తీస్తే, కోచ్ ఆరు నెలలుగా చెబుతున్నది ఒక్క నిమిషంలో కంటికి కనపడుతుంది.

అన్నట్టు, క్లబ్బుల్లో ఉచిత సలహాదారులుంటారు. తమ బంతి నీళ్ళలో పడ్డా సరే, మన తల పైకి లేచిందని చెప్పడానికి వస్తారు. వాళ్ళకు టీ ఇప్పించి పంపించేయండి. యూట్యూబ్‌లోనూ ఇదే గొడవ. పొద్దున ఒకాయన కుడి మోచెయ్యి లోపలికంటాడు, సాయంత్రం ఇంకొకాయన దాని సంగతే మరిచిపొమ్మంటాడు. ఒక కాలంలో ఒక కోచ్ మాట, ఒక దిద్దుబాటు. అంతకు మించి ఈ శరీరం మోయదు.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండీక్యాప్ పద్ధతిలో మీ చివరి 20 స్కోర్లలో బాగా ఆడిన ఎనిమిదింటి సగటుతో లెక్క కడతారు. అది మీ స్థాయి చెబుతుంది గానీ, స్ట్రోకులు ఎక్కడ పోతున్నాయో చెప్పదు. పట్‌ల సంఖ్య ఒక్కటే రాసుకున్నా మోసపోతారు. గ్రీన్ అందక, పక్కనుంచి బంతిని గుంత దగ్గరికి చిప్ చేస్తే ఒక్క పట్‌తో పడుతుంది. పట్‌లు తగ్గాయి కాబట్టి పటింగ్ బాగుపడిందనుకుంటాం. మొదటి పట్ ఎంత దూరం నుంచి కొట్టారు, అది గుంతకు ఎంత దూరంలో ఆగింది, ఈ రెండూ అడుగుల్లో రాసుకోండి. డ్రైవ్ ఆటలో ఉందా, పోయిందా అన్నది ఒక టిక్కు. చాలు.

మూడడుగుల పట్‌కు చేతులు వణికే జబ్బు కూడా ఉంది. దాన్ని యిప్స్ అంటారు. జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్‌ను అది ఒకటికి నాలుగుసార్లు పట్టుకుంది. ఆయన పటర్ పట్టుకునే పద్ధతులు మార్చుకుంటూ, దాన్ని వదిలించుకుంటూ, 1985లోనూ 1993లోనూ మాస్టర్స్ గెలిచాడు. మీకూ ఆ వణుకు వస్తే సిగ్గుపడకుండా గ్రిప్ మార్చి చూడండి. ఎడమచేయి కిందికి, కుడిచేయి పైకి పెట్టి ఆడేవాళ్ళు ప్రొఫెషనల్స్‌లోనూ చాలామందే ఉన్నారు.

చివరగా మన ఊళ్ళ క్లబ్బులవాళ్ళకు, మునిసిపాలిటీలవాళ్ళకు ఒక విన్నపం. 18 గుంతల కోర్సుకు వందెకరాలకు పైగా నేల కావాలి, అది అన్ని ఊళ్ళకూ సాధ్యం కాదు. ఒక పటింగ్ గ్రీన్‌కు మాత్రం పార్కులో ఒక మూల చాలు. పదీ పదిహేను పటర్లు, కాసిని బంతులు, గడ్డి కత్తిరించే మనిషి ఒకరు. ఉన్న క్లబ్బులు వారానికి ఒక పూట తమ ప్రాక్టీస్ గ్రీన్‌ను చుట్టుపక్కల బడిపిల్లలకు తెరిచి పెట్టినా మంచి మొదలే. పటింగ్‌కు బలం అక్కర్లేదు, పొడుగు అక్కర్లేదు. పదేళ్ళ పిల్లా, డెబ్బై ఏళ్ళ తాతా ఒకే గుంతకు సమానంగా పోటీపడొచ్చు. దీని గురించి కాస్త ఆలోచించమని కోరుతున్నాను.